కొయ్యపక్షియు క్రౌంచపక్షియు

కావేరి యొడ్డున ఒరయూరి కధిపతినని చెప్పుకొన్న నన్నెచోడ కవి తన కుమారసంభవ కావ్యారంభమున, మంచి కావ్యమునకును మంచి విలుకాని యమ్మునకును ఒకే కొలతను నిర్ణయించినాడు. రెండును ఎదుటివాని గుండెలో నాటవలెను. నాటిన పిమ్మట వానిచేత తల యూపింపవలెను. అట్లూపింపనిచో నది అమ్మును గాదు, కావ్యమును గాదని యాతని తీర్పు. ఈ భావము కేవల మాతని సొత్తు గాదు. 10వ శతాబ్దిలో రాష్ట్రకూటుల యాస్థానమున నుండిన త్రివిక్రమభట్టు రచించిన నలచంపువులో నిట్టి శ్లోకమే కలదు. అయినను త్రివిక్రమభట్టు పండితుడు, నన్నెచోడుడు రాచబిడ్డ. అమ్ము తగిలినవాని తల యెట్లూగునో గ్రంథములు చూచి తెలిసికొనవలసిన యవసర మాతనికి లేకపోయి యుండును.

తెలుగునేలకు దూరముగా తరతరములుగా కాపురముండు మనకు ఈ కవియందు చుట్టఱికము వంటి దొకటి కలదు. ఆతని కాలమును గూర్చి పండితులలో వాదము తెగలేదు గాని, ఆతని పుస్తకము బయటపడిన కథ స్పష్టమైనదే. తెలుగుదేశమున మఱుగుపడిపోయిన యా కావ్యము తంజావూరి సరస్వతీమహలు గ్రంథాలయములో తలదాచుకొని యుండగా మానవల్లి రామకృష్ణకవిగారు దానిని వెలికిదీసి 1909లో అచ్చువేయించిరి. తెలుగునాడు మఱచిన సొమ్మును తమిళనాటి భోషాణము దాచి యిచ్చినది. ప్రవాసాంధ్రుల మనుకొను మనము ఆ పద్యమును మన యింటి పద్యమని చెప్పుకొన్నచో తప్పు పట్టువా రుండరు.

ఇంటి పద్యము కనుకనే దానిని కొంచెము నిలదీసి ప్రశ్నింపవచ్చును. తల రెండు విధముల నూగును. ములుకు గ్రుచ్చుకొన్న బాధచే నూగును; మెచ్చుకోలుచే నూగును. కవి చమత్కార మంతయు ఈ రెంటిని ఒక్క మాటలో ఇమిడ్చుటయందే యున్నది. చమత్కారముగా నుంచుకొన్నంతవఱకు చిక్కు లేదు. దానిని శాసనముగా గైకొని, విలుకానిని జూచి చిన్నపద్యము వ్రాయబోవువానికే చిక్కు వచ్చును. బాగుగా తగులుట యొకటి. తగులదగిన చోట తగులుట వేఱొకటి. మొదటిది నేర్పు. రెండవదాని నేమనవలెను? విల్లు పట్టినవానికి గుఱి తప్పకుండుటయే ధర్మమా, లేక గుఱి యెవరను విచారణయు నాతని ధర్మములోనిదేనా? చిన్నపద్యము వ్రాయువాడు తప్పించుకొన జాలని ప్రశ్న యిది.

చిన్నపద్యమనుటలో నొక ఉద్దేశము కలదు. పెద్దకావ్యమున నీ ప్రశ్న యంతగా బాధింపదు. భారతమున కర్ణుని ఒకచోట నిందించిన కవి వేఱొకచోట వాని దాతృత్వమును కొనియాడవచ్చును. ఒక పర్వమున గాయపఱచినవానిని మఱియొక పర్వమున ఊరడింపవచ్చును. నాలుగు పాదములలో ముగియవలసిన పద్యమున కట్టి యవకాశము లేదు. రెండవ పక్షమును వినిపించుటకు చోటుండదు. విడిచిన తరువాత వెనుకకు పిలుచుటకు దారి యుండదు. అందుచేతనే అమ్మునకును చిన్నపద్యమునకును సామ్యము కుదిరినది. అమ్ము ఎంత దూరము పోవునో అంతయు విడువక ముందే నిర్ణయమై యుండవలెను.

మన భాషయే ఈ సామ్యమును మనకు తెలియకుండ మోయుచున్నది. నొచ్చునట్లు మాటలాడిన, ములుకుల వంటి మాట లందుము. తడవు లేక వ్రాసిపడవేయువానిని పుంఖానుపుంఖములుగా వ్రాయుచున్నా డందుము. పుంఖ మనగా అమ్ము పింజ. ఒకదాని పింజను మఱియొకటి తాకునట్లు విడుచుట యని దాని యర్థము. (ఈ ప్రశంస నేడు గ్రంథకర్తలకు విరివిగా లభించుచున్నది. చిన్నపద్యమున కది చెల్లదు.) ఇక కందమును గూర్చి పెద్దలు చెప్పు సామెత యుండనే యున్నది: కందము చెప్పినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు. పద్యమును వేటను ఒక్క త్రాసులో తూచిన సామెత యది. దానిలో సత్యము లేకపోలేదు. కందమునకు నాలుగు పాదములు. బేసిపాదములకు మూడేసి, సరిపాదములకు ఐదేసి గణములు. మొత్తము 16 గణములు, 64 మాత్రలు. ఆఱవ గణము నలమో జగణమో కావలెను. బేసిగణము జగణము కారాదు. సరిపాదము గురువుతో ముగియవలెను. రెండవ యక్షరము నాలుగు పాదములందును ఒక్కటియే కావలెను. కుఱుచపాదమున నారి లాగి నిడుపుపాదమున విడిచినట్లుండు నీ నడక. నన్నెచోడుడు తన యమ్ముల పోలికను చెప్పినదియు కందములోనే. నేటి హైకువు 17 అక్షరములతో, గోపిగారి నానీలు 20 మొదలు 25 అక్షరములతో సరిపెట్టుకొనుచున్నవి. కొలతలు మారినవి గాని, ఊపిరి బిగబట్టి ఒక్కసారి విడుచు పని మారలేదు.

ఆ బిగబట్టుటను మనకు నేర్పిన కథ ద్రోణాచార్యుని పరీక్ష. దానిని వినని తెలుగుబిడ్డ యుండడు. చెట్టుకొనమీద పక్షి నుంచి, ఏమి కనబడుచున్నదని గురువు శిష్యుల నడిగెను. ధర్మరాజు చెట్టును, గురువును, తమ్ములను, పక్షిని, అన్నిటిని చూచుచున్నా నని చెప్పి చీవాట్లు తినెను. అర్జునుడు పక్షిని తప్ప మఱేమియు చూచుట లేదనెను. పక్షిని వర్ణింపుమనగా, తల తప్ప మేను కనబడుటలేదనెను. బడులలో ఈ కథను ఏకాగ్రతకు దృష్టాంతముగా చెప్పుదురు, చెప్పవలసినదే. కాని అందొక చిన్న వివరమును తఱచుగా విడిచివేయుదురు. ఆ పక్షి నిజమైనది గాదు. పనివాండ్రచేత చేయించి కొమ్మపై నిలిపిన బొమ్మ.

ఈ వివరము నాకు చాల పెద్దదిగా తోచును. తల తప్ప మేను కనబడని చూపు బొమ్మపక్షి యెడల నిర్దోషమైనది. బొమ్మకు మేను లేకపోయిన నష్టమేమి? గూడు లేదు, పిల్లలు లేవు, జత లేదు. ద్రోణుడు వివేకి గనుక అభ్యాసమునకు ప్రాణములేని దానిని పెట్టినాడు. ఇంతకు పరీక్షలో తప్పిన ధర్మరాజు చూచిన దేమి? చెట్టును చూచినాడు, తన వారిని చూచినాడు, అమ్ము తగులబోవు దానిని వాని నడుమ నున్నదిగా చూచినాడు. విలుకాని చూపుగా నది పనికిమాలినది. పద్యము వ్రాయబూనినవాని చూపుగా నది మొదట కావలసినది. అర్జునుని చూపు విడుచునప్పటిది. ధర్మరాజు చూపు ఎక్కుపెట్టుటకు ముందటిది. మనము పిల్లలకు రెండవ మార్కు నిచ్చువానిని మొదటివాని కంటె తెలివితక్కువవాడని చెప్పి ఊరకుంటిమి.

ఏకాగ్రత తనంతట తాను సుగుణము గాదనుటకు దూరదేశపు దృష్టాంత మొకటి చెప్పెదను. ఆయిగెన్ హెరిగెల్ అను జర్మనీ తత్త్వశాస్త్రాచార్యుడు 1924 మొదలు 1929 వఱకు జపానులోని సెండాయ్ నగరమున బోధించుచు, ఆవా కెంజో అను గురువునొద్ద విలువిద్య నభ్యసించెను. 1948లో నా యనుభవమును చిన్నపుస్తకముగా ప్రకటించెను. నేను విడుచుచున్నా ననెడి తలంపు పోయినప్పుడు అమ్ము దానంతట నదియే విడివడు నని అందలి సారాంశము. అమ్మువలె తన్మయుడవు కమ్మని చెప్పు ముండకోపనిషత్తు నెఱిగిన మనకు నది కొత్త మాట గాదు. లోక మంతట నా పుస్తకమును చదివిరి. కవులు, చిత్రకారులు దానిని తమ కళకు వేదముగా గైకొనిరి. అహంకారమును విడుచుట నంత చక్కగా వర్ణించిన యా యాచార్యుడే 1937లో నాజీపక్షమున సభ్యుడయ్యెను. యుద్ధము ముగియు నాటికి ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడుగా నుండెను. పుస్తకములోని మాటలు దీనివలన అబద్ధములు కావు. నారి యెట్లు విడువవలెనో ఆవా గురువు నేర్పగలిగెను. ఎవరి పక్షమున నిలువవలెనో నారి నేర్పలేదు.

ఇక నిజమైన పక్షి కథకు వత్తము. మన దేశమున చిన్నపద్యమునకు పుట్టుక చెప్పు కథయు అమ్మునుండియే మొదలగుట విశేషము. తమసానదీతీరమున క్రౌంచముల జంటలో మగపక్షిని బోయ కొట్టెను. ఆడుపక్షి యేడ్పు విని వాల్మీకి నోట శ్లోకము వెడలెను: ఎనిమిదేసి యక్షరముల పాదములు నాలుగు, మొత్తము 32 అక్షరములు. శోకము శ్లోక మయ్యెనని పెద్దలు చెప్పుదురు. నన్నెచోడుని పద్యమును ఈ కథ ప్రక్కన పెట్టి చూడుడు. అందు కవి విలుకాని స్థానమున నిలిచినాడు; ఇందు కవి అమ్ము తగిలిన పక్షి చెంత నిలిచినాడు. అచ్చట పద్య మమ్ము. ఇచ్చట పద్యము గాయము. ఒక్క వృత్తిని చూచి రెండు కవిత్వములు పుట్టినవి.

గాయము పక్షమున నిలిచిన కవి గొప్పవాడు, అమ్ము పక్షమున నిలిచినవాడు తక్కువవాడు అని తేల్చివేయుట సులభము. రామాయణము మన కంత సులభముగా తప్పించుకొననీయదు. వాల్మీకి నోట వెడలినది కేవల శోకము గాదు, శాపము. బోయకు చిరకాలము నిలుకడ లేకుండుగాక యని శపించినాడు. పక్షికై కరగిన హృదయము ఆ క్షణమున బోయమీద నమ్ము విడిచినది. ఆ బోయకు ఇంట నాకొన్నవారుండిరేమో! ఆ సంగతి ముని విచారింపలేదు. అయితే మహర్షి మహర్షియే గనుక, పలికిన వెంటనే, పక్షిదుఃఖమున నే నేమి పలికితిని? అను చింత యాతని మనస్సున పొడసూపెనని ఆదికావ్యము చెప్పుచున్నది. ఆశ్రమమునకు పోయినను, బ్రహ్మ యెదుట వచ్చి నిలిచినను, ఆ చింత యాతనిని విడువలేదు. నాకు శ్లోకముకంటె ఆ చింత గొప్పదిగా కనబడును. తన పద్యము నేర్పుగా కుదిరెనని సంతసించుటకు ముందు, అది యెవరికి తగిలెనో యని కలతపడిన మొదటి కవి యాతడు.

ఈ కలత మన చాటుకవులలో తఱచుగా కనబడదు. చాటువు సభలో విసరు చిన్న యమ్ము. ఎదుటివాని నోరు మూయించుటయే దాని ఘనత. ఏకలవ్యుడు తన్ను జూచి మొఱిగిన కుక్క నోట ఒక్కసారిగా ఏడమ్ములు నింపెను. పాండవులు ఆ లాఘవమునకు ఆశ్చర్యపడిరి. తరువాతి కథ యంతయు ఏకలవ్యుని బొటనవ్రేలిని గూర్చినది. ఆ వ్రేలికై మనము న్యాయముగానే కంట తడిపెట్టుదుము. కుక్కను గూర్చి యెవ్వరును అడుగలేదు. తిట్టుకవిత్వమునకు వేములవాడ భీమకవి, చుఱుకైన చాటువునకు అడిదము సూరకవి ప్రసిద్ధులు. వారి నోటబడిన లోభి, మూర్ఖుడు, ఇచ్చెదనని యీయనివాడు వీరు ఊరు పేరు లేక, కొన్ని చోట్ల ఊరు పేరులతో సహా, నేటికిని మన నోళ్లలో నానుచున్నారు. వారి బ్రదుకులో మఱి యే మంచి పని చేసిరో తెలియదు. పద్య మొక్కటియే మిగిలినది. చిన్నది గావున మిగిలినది. కంఠమున నిలుచుటకు అనువైన గుణమే ఈ యన్యాయమును నిలువజేసిన గుణము. గెలిచిన తగవు ఒక దినముది. చాటువు వేయు దినములది.

ఈ సంగతి మన వంటి కుటుంబములకు మఱింత దగ్గఱిది. మన యిండ్లలో పెద్దగ్రంథములు నిలువవు. పిల్లలు తమిళమో, కన్నడమో, ఒడియయో, మరాఠీయో చదువుకొందురు. తెలుగు లిపి కూడి చదువజాలని మనుమడు సైతము అవ్వ నోట విన్న నాలుగు పాదములను అప్పగింపగలడు. మన భాష చిన్నపద్యము మీదనే నిలిచి యున్నదనిన అతిశయోక్తి గాదు. కనుక మనము వారి కే పద్యముల నిచ్చుచున్నామో చూచుకొనవలసి యున్నది. సభలలో నవ్వు పుట్టింపదలచిన వక్త పొరుగుభాషను ఎగతాళి చేయు చాటువు నొకదానిని అందుకొనుట పరిపాటి. తలలు ఊగును, నన్నెచోడుని కొలతకు సరిగానే నిలుచును. కాని మున్ను ఆ పద్యమును మనలో మనమే వినువారము. ఇప్పుడు ముందువరుసలో పొరుగింటి పెద్దమనిషి కూర్చుండును. ఆయనకు మన భాష తెలియును. మన కోడండ్రలో, అల్లుండ్రలో ఆయన బిడ్డలున్నారు.

దీనికి శ్రీనాథుని పేర ప్రచారమున నున్న చాటువులే చక్కని తార్కాణము. ఆ కవిసార్వభౌముడు దేశాటనము చేసి, తనకు నచ్చని తిండినెల్ల పద్యములలో దులిపివేసెనని చెప్పుదురు. పలనాటి జొన్నకూడు వాని నోట పడినది. మిరియపుచారుతో మొదలగు తమిళుల విందును పడినది. వానిని చదివి నవ్వనివాడు లేడు, నేనును నవ్వుదును. నాలుగుతరములుగా ఆ చారు త్రాగి పెరిగినవాడు నవ్విన తరువాత ఇదేమి నవ్వు అని తడవుకొనక మానడు. అదే శ్రీనాథుడు విజయనగరమున సమ్మానమునకై వేచియున్న దినములలో చెప్పెననెడి పద్యము వేఱొకటి కలదు. తనకు అలవాటు లేని టోపీ పెట్టుకొంటిని, పెద్ద అంగీ తొడిగితిని, వెల్లుల్లి తింటిని, అంబలి త్రాగితిని, కన్నడ రాజ్యలక్ష్మీ, ఇంకను దయ రాదా యని తల్లినడిగినట్లు అడిగిన పద్యము. ఇందును పరదేశపు తిండి యున్నది, పరదేశపు బట్ట యున్నది, పరిహాసము నున్నది. అయితే అమ్ము తిరిగినది. నవ్వులపాలైనవాడు అంతటి మహాకవి, ఆ తిండికై ఎదురుచూచువాడు. ఈ పద్యమును బెంగళూరిలో కన్నడిగుల యెదుట చదివినను ఎవ్వరి మనస్సును నొవ్వదు. వారును తల యూపుదురు. చారును గూర్చిన పద్యముకంటె ఇది లోతుగా నాటినదనియే నా తీర్పు. పొట్ట చేతబట్టుకొని పరభాషల నడుమకు వచ్చిన మన ముత్తాతల మాట యదియే కదా!

తనమీద తిప్పుకొన్న యమ్మునకు పరమావధి యేదనిన, తెలుగువారికి తిన్నడును తమిళులకు కణ్ణప్ప నాయనారును అయిన కాళహస్తి బోయను చెప్పవలెను. ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యమున వాని కథ చెప్పినాడు; తమిళమున శేక్కిళార్ పెరియపురాణమున అఱువదిముగ్గురు నాయనారులలో నొకనిగా చెప్పినాడు. దేవుని కంట నెత్తురు కాఱుట చూచి, ఆ విలుకాడు తన యమ్ముతోనే తన కన్ను పెకలించి పెట్టెనని శేక్కిళార్ వర్ణించెను. ఒక విలుకాడు తలను చూచి కొట్టదగిన గుఱి యనుకొన్నాడు. మఱియొక విలుకాడు కన్నును చూచి నొచ్చుచున్న దనుకొన్నాడు. తిన్నని యంతటి పని పద్యకర్తల నడుగుట న్యాయము గాదు; అంతటి పనిని పోలినట్లు నటించు పద్యములు మఱియు దుర్భరములు. తన దుఃఖమును తానే ప్రదర్శించు చిన్నకవితలు నేడు కొల్లలుగా వచ్చుచున్నవి గాన ఈ మాట చెప్పవలసి వచ్చినది.

నేటి విలువిద్యను జూచి పద్యము వ్రాయదలచువారికి మఱి యే దారియు లేదా యన్నచో, నిక్కముగా నున్నది. విజయవాడ బిడ్డ వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ నగరమున 2023లో జరిగిన ఆసియా క్రీడలలో మూడు స్వర్ణపతకములు గెలిచినప్పుడు ఆమె యెదుట నుండినది 50 మీటర్ల దూరమున 80 సెంటీమీటర్ల కాగితపు చక్రము. దాని నడుమ పది యంకెలు తెచ్చు వలయము 8 సెంటీమీటర్లే. ఇది మరల ద్రోణుని బొమ్మపక్షియే. కాగితమునకు నొప్పి లేదు. ఈ యాటలో నాకు మిక్కిలి నచ్చిన సంగతి మఱొకటి. ఇందు ప్రత్యర్థి యెదుట నిలువడు. ఒక్క గీతమీద ప్రక్కన నిలుచును. ఇరువురును ఒక్క దిక్కునకే చూతురు. ఇరువురకును తగులు గాలి యొక్కటియే. ఊపిరి, వ్రేలికొన వణకు, నారి వదలిన పిమ్మట చేయి గాలిలో నిలిచిపోవు క్షణము, అమ్ములు తీసిన తరువాత కాగితమున మిగిలిన తూట్లు, ఇవన్నియు చిన్నపద్యమునకు చక్కని సామగ్రి. ఎవ్వరిని నొప్పింపక ఎదుటివాని తల యూపింప వచ్చునో లేదో తేల్చుకొనుట కింతకంటె అనువైన మైదానము దొరకదు.

మన సంఘములలో ఉగాదినాడు పద్యపూరణములు జరిపించు పెద్దలు ఇంకను కొందఱున్నారు. రాముని విల్లు, అర్జునుని విల్లు, మన్మథుని విల్లు, ఇవి యెల్ల అరిగిపోయిన వస్తువులు. పూరణము వినకమునుపే వన్స్‌మోర్ సిద్ధముగా నుండును. వాల్మీకి శ్లోకము బోయను సంబోధించినది. ఏ యేడ్పు విని పలికెనో ఆ యాడుపక్షితో మాత్ర మొక్క మాటయు పలుకలేదు. బోయ తరపున ఒక కందము, ఆడుక్రౌంచము తరపున ఒక కందము, ఒకే కవిచేత చెప్పింపవలెనని నా సూచన. రెండును వినిన పిమ్మటనే చప్పట్లు కొట్టుదుము.